డాబా మీద టైల్స్, మేం దాచుకున్న పని

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మేం ముగ్గురం ఒకే గదిలో ఉంటాం. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. పోయిన ఎండాకాలం ఫీజుల కోసం టౌన్‌లో టైల్స్ మేస్త్రీ దగ్గర కూలికి పోయాం. క్లాసులో మాత్రం కోచింగ్‌కి వెళ్లామని చెప్పుకున్నాం.

ఈ వానాకాలం మా గది కప్పు కారింది. పుస్తకాలు మంచాల మీదికెక్కించి, బకెట్లు పెట్టుకుని పడుకున్నాం. వానలు తెరిపిచ్చాక పనివాళ్లొచ్చారు. పాత టైల్స్ అలాగే ఉంచి, వాటిమీదే కొత్తవి అతికిస్తారట.

మాకు గుండెల్లో రాయి పడింది. టైల్ ఒక్కటే నీళ్లని ఆపదు. జాయింట్లలోంచి కిందికి దిగుతూనే ఉంటాయి. ఆపాల్సింది టైల్ కిందుండే వాటర్‌ప్రూఫింగ్ పూత. దానికన్నా ముందు వాలు ఉండాలి. మీటరుకి కనీసం ఒక సెంటీమీటరు, నీళ్లు పోయే గొట్టం వైపుకి. మా ఊళ్లో తాతలు గడ్డి కప్పేటప్పుడు చూసేదీ వాలే కదా.

చెబితే "మీకెలా తెలుసు?" అంటారు. అదే మా భయం. రెండ్రోజులు నలిగి, మూడోరోజు వార్డెన్ సార్ దగ్గరికెళ్లాం. ఆయనా అదే అడిగారు. "కూలికి పోయాం సార్" అన్నాం. వరండాలో మా క్లాసువాళ్లున్నారు, విన్నారు.

సార్ ఏమీ అనలేదు. డాబా మీద నాలుగు బకెట్ల నీళ్లు పోయించారు. నీళ్లు గొట్టం వైపు పోలేదు, మా గది మీదే మడుగు కట్టాయి.

అప్పుడు పాత టైల్స్ తీయించారు. వాలు సరిచేసి, పిట్టగోడ మూలలు సిమెంటుతో గుండ్రంగా మలిచారు. సిమెంటు పాలిమర్ పూత రెండుసార్లు వేశారు. మొదటిది నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా. పిట్టగోడ మీదికీ ఒక అడుగు ఎక్కించారు. పూత బాగా ఆరాక గొట్టం మూసి 48 గంటలు నీళ్లు నిలిపారు. కింద చెమ్మ రాలేదు. ఆ తర్వాతే టైల్స్, సందులు వదిలి, గ్రౌట్ నింపి.

డబ్బులు సగం డాబాకే సరిపోయాయి. అవతలి గదుల్లో తమ్ముళ్లు ఇంకా బకెట్లు పెడుతున్నారు. మిగతా సగం కోసం అర్జీ రాశాం.

ఆ రాత్రి ఒక తమ్ముడొచ్చి మెల్లిగా, "నేనూ సెలవుల్లో హోటల్లో కప్పులు కడిగానన్నా" అన్నాడు.

మీ హాస్టల్లో డాబా పని జరిగితే, టైల్స్ వేయకముందే అడగండి, "నీళ్లు నిలిపి చూశారా?" అని. మీకెలా తెలుసంటే, తల దించుకోకుండా చెప్పండి.