మా వ్యాపారానికి పెట్టుబడి ఒక ప్లాస్టిక్ కార్డు

అమెరికాలో వ్యాపారం చేసి పైకొచ్చినవాళ్ళ ఆత్మకథలు చదవడం నాకో సరదా. చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి: ఓ గరాజు, కాస్త అప్పు, నిద్రలేని రాత్రులు, చివర్లో భార్యకి ఒక పేరాడు కృతజ్ఞతలు. ఆ లెక్కన వాల్‌మార్ట్ సామ్ వాల్టన్ నయం. 1945లో ఆర్కన్సాలోని న్యూపోర్ట్‌లో మొదటి కొట్టు కొన్నప్పుడు తన సొంత డబ్బు 5 వేల డాలర్లైతే మామగారిచ్చిన అప్పు 20 వేలని దాచకుండా చెప్పుకున్నాడు. మనలో ఆ మాట పైకి చెప్పేవాళ్ళు ఎంతమందో మీకే తెలుసు!

మాకూ న్యూజెర్సీలో ఓ చిన్న వ్యాపారం ఉంది. పచారీ కొట్లకీ, పళ్ళ డాక్టర్లకీ జమాఖర్చులు రాసిపెట్టడం, వాళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళ జీతాల లెక్కలు చూడటం. మా కామవరపుకోట వెళ్ళినప్పుడల్లా అందరూ "బిజినెస్ ఎలా ఉందిరా?" అని నన్నే అడుగుతారు. ఓనరు పక్కనే కూర్చుని కాఫీ తాగుతూ ఉంటుంది. అంటే, మా ఆవిడ.

ఆవిడది తాడేపల్లిగూడెం. మా మామగారు అక్కడి ఉల్లిపాయల మార్కెట్లో గుమస్తా. లారీ దిగిన సరుకు ఎవరికి అరువివ్వచ్చు, ఎవరికి ఇవ్వకూడదు అన్నది ఇంట్లో రోజూ అన్నంతోపాటు వినే మాట. ఎంసీఏ చదివింది. 2002లో పెళ్ళయ్యాక హెచ్-4 మీద వచ్చింది. హెచ్-4 అంటే చదువుకోవచ్చు, వండుకోవచ్చు, పిల్లల్ని కనచ్చు. ఉద్యోగం మాత్రం చెయ్యకూడదు. అప్పటికి నిబంధన అదీ. కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగు క్లాసులకి వెళ్ళింది, పాపని పెంచింది. ఇంటి ఖర్చులు సెంట్లతో సహా నోటు పుస్తకంలో రాసేది. ఆ పుస్తకాలు ఐదు నిండాయి.

ఆ రోజుల్లోనే మా నాన్న పొగాకు మానేసి పామాయిల్ వేశాడు. మొక్క నాటాక మూడు నాలుగేళ్ళు గెల కోతకి రాదు, ఈలోగా వరసల మధ్య అంతర పంట వేసుకోవాలి. ఫోన్లో "మీ గ్రీన్ కార్డూ ఇలాంటిదే కదరా" అనేవాడు. నిజమేగానీ, పామాయిల్‌కి ఎన్నేళ్ళో తెలుసు. దీనికి తెలీదు. పుట్టిన దేశాన్ని బట్టి ఏ దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వరు కాబట్టి మన క్యూ అలా పెరుగుతూనే ఉంటుంది. నాది ఈబీ-3, ప్రయారిటీ డేటు 2003 డిసెంబరు.

2007 జూన్‌లో వచ్చిన జూలై వీసా బులెటిన్ చూసి మనవాళ్ళు ఎవరూ నమ్మలేదు. ఉద్యోగ కోటాల్లో దాదాపు అన్నీ కరెంట్! అంటే ఐ-485 వేసుకోవచ్చు, వేస్తే ఇంటావిడకి కూడా పని చేసుకునే కార్డు, ఈఏడీ, వస్తుంది. ఇంకేముంది, మెడికల్ పరీక్షలకీ ఫోటోలకీ పరుగులు. నేను అమ్మమ్మగారింట్లో పుట్టాను, ఆ పుట్టుక ఎక్కడా రాయించలేదు. నాన్న అఫిడవిట్లు పట్టుకుని తిరిగి పంపాడు. తీరా జూలై 2న నంబర్లు అయిపోయాయని బులెటిన్ మార్చేశారు.

అప్పుడు మనవాళ్ళు చేసిన పని నాకిప్పటికీ ముచ్చటే. మున్నాభాయ్ సినిమా స్ఫూర్తితో ఇమ్మిగ్రేషన్ శాఖ డైరెక్టరు ఎమీలియో గొంజాలెజ్‌కి పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో ఉన్న గాయపడ్డ సైనికులకి పంపించారు. జూలై 17న నిర్ణయం మారింది, ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకుంటామన్నారు. పూల వల్లే అనను, కోర్టు కేసులూ నడిచాయి.

ఆ చలికాలానికి మా ఆవిడ చేతికి ఈఏడీ వచ్చింది. 2008లో కంపెనీ పెట్టింది. అందరూ ఖర్చులు తగ్గించుకుంటున్న ఏడాది కదా, పెద్ద అకౌంటెంట్లని మాన్పించిన చిన్న కొట్లవాళ్ళు ఈవిడ దగ్గరికొచ్చారు. ఎవరు డబ్బు ఎగ్గొడతారో మొదటి మాటలోనే పసిగట్టేది, ఉల్లిపాయల చదువు మరి! నేను హెచ్-1 మీదే ఉన్నాను కాబట్టి అందులో పనిచెయ్యడానికి లేదు. 2015లో గ్రీన్ కార్డు వచ్చాక ఉద్యోగిగా చేరాను. ఇంటర్వ్యూ కూడా చేసిందండోయ్.

ఇంతవరకూ సరదా కథే. కానీ నాతోపాటే ఆ ఏడాదే పెళ్ళయిన మిత్రుడొకడున్నాడు. వాళ్ళావిడ ప్రోగ్రామింగులో మా ఇద్దరికన్నా గట్టిది. 2007 జూలై నాటికి అతని లేబర్ ఇంకా తేలలేదు, అందుకని దరఖాస్తు వేసే వీల్లేకపోయింది. హెచ్-4 వాళ్ళలో కొందరికి ఈఏడీ ఇచ్చే నిబంధన అమల్లోకి వచ్చింది 2015 మే 26న. అంటే మా ఆవిడకి ఐదేళ్ళు, ఆవిడకి పదమూడేళ్ళు. అంత విరామం తర్వాత ఇంటర్వ్యూలో "ఈ గ్యాప్ ఏంటి?" అని అడిగితే ఏం చెప్తుంది?

కష్టపడితే ఎవరైనా పైకొస్తారనే మాట వినడానికి బావుంటుంది. మేమూ కష్టపడ్డాం, కాదనను. కానీ ఆ రెండు ఇళ్ళకీ తేడా కష్టంలో లేదు, ఒక ఫైలు కదిలిన తేదీలో ఉంది. అందుకే మన కెరీర్ కథ పిల్లలకి చెప్పేటప్పుడు వాల్టన్ మామగారి అప్పులాగా ఆ తేదీ కూడా చెప్పాలని నా అభిప్రాయం. ఇంట్లో ఆగిపోయిన మనిషి ఎన్నేళ్ళు ఆగిందో కూడా.

ఆ ఐదేళ్ళని ఏ ఖాతాలో రాస్తావని మొన్న మా ఆవిణ్ణి అడిగాను. "పెట్టుబడి కింద రాయండి. కాకపోతే అది మీది కాదు, నాది" అంది.