ఇల్లు మనదే... నేల ఎవరిది?

అమెరికా హైవే మీద వెళ్తుంటే ఒక్కోసారి మన కారు ముందు ఓ ఇల్లు వెళ్తుంటుంది. అవును, ఇల్లే! కిటికీలు, తలుపులు, పైకప్పు అన్నీ ఉన్న ఇల్లు లారీ వెనక నింపాదిగా కదులుతుంటుంది. దాని వెనక పసుపు బ్యానర్ మీద ‘ఓవర్‌సైజ్ లోడ్’ అని రాసుంటుంది. లైట్లు వెలిగించుకుని దానికి తోడుగా ఓ చిన్న బండి... చూస్తుంటే అత్తారింటికి సాగనంపుతున్నట్టే ఉంటుంది. ఉత్తర ఇండియానాలో ఈ దృశ్యం మామూలే. ఎందుకంటే అక్కడి ఎల్క్‌హార్ట్, ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లను కూడా కార్లలాగే ఫ్యాక్టరీలో తయారుచేస్తారు.

చికాగో నుంచి ఎల్క్‌హార్ట్‌కి టోల్ రోడ్డు మీద రెండు గంటల ప్రయాణం. దారిలోనే టైమ్ జోన్ మారిపోతుంది. పొద్దున తొమ్మిదింటికి బయల్దేరితే చేరేసరికి అక్కడ పన్నెండవుతుంది. మా పెద్దమ్మ కొడుకు, వదిన, నేను కలిసి వెళ్లాం. వాళ్లు ఉండేది అరోరాలో, అద్దె ఫ్లాట్‌లో. ‘గ్రీన్‌కార్డు సంగతి తేలలేదు. ఈలోపు లక్షల డాలర్ల అప్పు నెత్తిన పెట్టుకోమంటే ఎలారా?’ అన్నది అన్నయ్య బాధ. ఆ బాధ అమెరికాలో చాలా తెలుగిళ్లలో వినిపించేదే.

లెక్క చూస్తే ఆశ పుట్టడం సహజం. అమెరికాలో మామూలు కొత్త ఇంటి మధ్యస్థ ధర స్థలంతో కలిపి 4 లక్షల డాలర్లు దాటింది. అదే ఫ్యాక్టరీలో తయారైన చిన్న ఇల్లు, అంటే ‘సింగిల్ వైడ్’, కొత్తదే సగటున 80 వేల డాలర్ల పైచిలుకుకు వస్తోంది. 16 అడుగుల వెడల్పు, 70 అడుగుల పొడవు ఉన్నదైతే మన లెక్కలో సుమారు 125 గజాలు. రెండు పడగ్గదులు, వంటిల్లు, హాలు హాయిగా పడతాయి.

ట్రైలర్ ముదిరి ఇల్లయింది

ఎల్క్‌హార్ట్‌లో టోల్ రోడ్డు పక్కనే ఓ మ్యూజియం ఉంది. పేరు ఆర్‌వీ/ఎమ్‌హెచ్ హాల్ ఆఫ్ ఫేమ్. 1913 నాటి ట్రైలర్, దాన్ని లాగిన ఫోర్డ్ మోడల్ టీ కారు, హాలీవుడ్ తార మే వెస్ట్ కోసం 1931లో తయారైన ఇల్లులాంటి బండి... అన్నీ ఇక్కడే చూడొచ్చు. ఫొటోలకు బోలెడంత చాన్స్!

మొదట్లో ఈ ట్రైలర్లు విహారయాత్రలకే. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఆయుధ కర్మాగారాల్లో పనికొచ్చిన వాళ్లకి ఉండటానికి ఇళ్లు చాలక ట్రైలర్లలోనే కాపురాలు పెట్టారు. 1950ల మధ్యలో విస్కాన్సిన్‌కు చెందిన ఎల్మర్ ఫ్రే వెడల్పును 8 అడుగుల నుంచి 10కి పెంచాడు. రెండడుగులే కదా అనుకుంటాం. కానీ ఆ రెండడుగుల వల్లే పక్కన నడవా వచ్చింది, గదికి తలుపు వచ్చింది. అప్పట్నుంచి అది బండి కాదు, ఇల్లు!

నాణ్యత మాటేమిటి అంటారా? 1976 జూన్ 15 నుంచి ఈ ఇళ్లకి దేశమంతా ఒకటే నిబంధనావళి. అమెరికా గృహనిర్మాణ శాఖ పేరు మీద దాన్ని ‘హడ్ కోడ్’ అంటారు. ఆ కోడ్ ప్రకారం కట్టిన ఇంటికి బయట గోడ మీద చిన్న ఎర్ర లోహపు పలక ఉంటుంది. అది లేకపోతే కొనాలన్న ఆలోచనే మానుకోవాలి. 1992లో ఆండ్రూ తుపాను ఇలాంటి ఇళ్లను తుక్కు చేశాక, 1994లో గాలి తాకిడికి సంబంధించిన నిబంధనలు బిగించారు. అయినా టోర్నడో హెచ్చరిక వస్తే ఇందులో ఉండొద్దనీ, దగ్గర్లోని గట్టి భవనంలోకి వెళ్లిపోవాలనీ వాతావరణ శాఖ ఇప్పటికీ చెబుతుంది.

ముందు టబ్బు... తర్వాత గోడ

అక్కణ్నుంచి కాస్త దక్షిణంగా వెళ్తే నప్పనీ. ఇక్కడ ఆమిష్ వాళ్ల గుర్రబ్బండ్లు రోడ్డు పక్కన టకటకా పోతుంటాయి. ఇళ్లల్లో కరెంటు వద్దనుకునే ఆ జనంలో చాలామంది పగలంతా ఫ్యాక్టరీల్లో పనిచేస్తుంటారు. భలే విచిత్రం కదూ!

ఫ్యాక్టరీలో ముందు ఉక్కు చట్రం వస్తుంది. దాని మీద నేల, నేల మీద టబ్బు, అల్మారాలు. ఆ తర్వాతే బయటి గోడలు. ఎందుకంటే గోడలు లేచాక టబ్బు తలుపులోంచి పట్టదు. చివర్లో పైకప్పు. వాన పడినా, మంచు కురిసినా పని ఆగదు, కలప తడవదు. ఇల్లు చవగ్గా రావడానికి అసలు కారణం ఇదే. నాసిరకం సామాను వాడటం కాదు.

వదినకి వంటిల్లు తెగ నచ్చేసింది. ‘తూర్పు వాకిలి వస్తుందా?’ అని అడగమంది. సేల్స్ అమ్మాయి నవ్వి, ‘మీ స్థలంలో పెడితే ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. పార్కులో అయితే వాళ్లు చూపించినట్టే పెట్టాలి’ అంది. అంతవరకూ ఇంటినే చూస్తున్న మేము అప్పుడు నేల గురించి ఆలోచించడం మొదలుపెట్టాం.

నెలనెలా నేల అద్దె

ఈ ఇళ్లు కొన్నవాళ్లలో చాలామంది ‘పార్కు’ల్లో ఉంటారు. ఇల్లు సొంతం, దాని కింద నేల అద్దె. సాయంత్రం అలాంటి ఓ పార్కు చూశాం. వరండాలో పూలకుండీలు, గుమ్మం ముందు చిన్న జెండా... ముచ్చటగా ఉంది. మొక్కలకి నీళ్లు పోస్తున్న ఓ పెద్దావిడ మాటల్లో పెట్టింది. ఆవిడ ఇంటి అప్పు ఎప్పుడో తీరిపోయింది. ‘నేను వచ్చినప్పుడు నేలకి నెలకి 300 డాలర్లు. స్థలం చేతులు మారాక ఇప్పుడు 500 దాటింది’ అంది.

మరి ఇల్లు తీసుకుని వేరే చోటికి పోవచ్చు కదా, చక్రాల మీద వచ్చిందే కదా అని అడిగాం. ‘ఒక్కసారి దిగాక మళ్లీ కదిలించాలంటే వేల డాలర్లు. అదీగాక ఇంత పాత ఇంటిని ఏ పార్కువాళ్లూ రానివ్వరమ్మా’ అంది వదినతో. ఇల్లు కదిలేదే కానీ ఆవిడ కదల్లేదు.

అప్పు సంగతీ అంతే. నేల మనది కానప్పుడు చాలాసార్లు బ్యాంకులు దీన్ని ఇల్లుగా కాక కారులాంటి వస్తువుగా లెక్కగడతాయి. వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. అదే సొంత స్థలంలో శాశ్వత పునాది మీద కూర్చోబెడితే మామూలు గృహరుణానికి దారి దొరుకుతుంది. కాకపోతే చాలా పట్టణాల్లో జోనింగ్ నిబంధనలు ఇలాంటి ఇళ్లని అన్ని కాలనీల్లోకీ రానివ్వవు.

దీనికో మందు కనిపెట్టిన వాళ్లూ ఉన్నారు. 1984లో న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని మెరిడిత్‌లో 13 కుటుంబాలు తమ పార్కు స్థలం అమ్మకానికి వస్తే, సహకార సంఘం పెట్టుకుని వాళ్లే కొనేశారు. ఆ దారిలో ఇప్పుడు దేశంలో 300కు పైగా పార్కులు నివాసుల చేతుల్లో ఉన్నాయి. అద్దె ఎంత పెంచాలో తేల్చేది వాళ్ల ఓటే.

తిరుగు ప్రయాణంలో అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ‘ముందు స్థలం చూద్దాం. అది దొరక్కపోతే అద్దిల్లే నయం’ అన్నాడు. వదిన అప్పటికే ఫోన్‌లో ప్లాట్లు వెతుకుతోంది!

మన దగ్గర కొంటుంటే...

ఇప్పుడు హైదరాబాద్ ఓఆర్ఆర్ దాటితే చాలు, ప్లాట్లలో కంటైనర్ ఇళ్లు కనిపిస్తున్నాయి. షెడ్డులో తయారవుతాయి, లారీ మీద వస్తాయి, క్రేన్‌తో దిగుతాయి. రీల్స్ చూసి ముచ్చటపడి అడ్వాన్సు కట్టేసేముందు ఈ నాలుగూ చూసుకోండి.

ఒకటి, ప్లాటు కాగితాలు. లేఅవుట్‌కి అనుమతి ఉందా, అది ఇంకా వ్యవసాయ భూమేనా? ఇల్లు కదిలేదే అయినా కింద నేలకి అనుమతి కావాల్సిందే. రెండు, మీ బ్యాంకు దీన్ని ఇల్లుగా ఒప్పుకుని రుణం ఇస్తుందా? మూడు, మీ సందులోకి లారీ, క్రేన్ తిరుగుతాయా, పైన కరెంటు తీగలు అడ్డమొస్తాయా? నాలుగు, గోడల్లో వేడిని ఆపే పొర ఎంత మందం? ఈ చివరిది తేలాలంటే శాంపిల్ ఇంటిని జనవరిలో కాదు, మే నెల మధ్యాహ్నం రెండింటికి ఏసీ ఆపించి చూడండి.