హెచ్‌బీఎస్‌ఏజీ నెగెటివ్ అయితే సరిపోతుందా?

థలసీమియాతో పుట్టిన పిల్లవాడికి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. హైస్కూలుకు వచ్చేసరికి వాడి ఒంట్లోకి వందమందికి పైగా దాతల రక్తం వెళ్లి ఉంటుంది. ఆ ప్రతి సంచి మీదా హెపటైటిస్ బి నెగెటివ్ అనే రాసి ఉంటుంది. అయినా ఇలాంటి పిల్లల్లో కొందరికి ఎప్పుడో ఒకసారి లివర్ ఎంజైములు పెరగడం, ఎందుకా అని చూస్తే హెపటైటిస్ బి బయటపడటం రక్తవ్యాధుల వైద్యులకు కొత్త కాదు. అప్పుడు తల్లిదండ్రులు అడిగేది ఒకటే: "అన్నీ చూసే ఎక్కించారు కదా సార్, మరి ఎలా వచ్చింది?" మన చట్టం ప్రకారం ప్రతి యూనిట్‌నూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియాలకు పరీక్షించాలి. హెపటైటిస్ బి విషయంలో చట్టం కోరేది హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష, అంటే వైరస్ పై తొడుగులోని ఒక ప్రోటీన్ కోసం వెతకడం. 1960ల్లో బరూచ్ బ్లంబర్గ్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో దీన్ని కనిపెట్టారు, 1976లో నోబెల్ అందుకున్నారు. ఈ పరీక్ష కాపాడిన ప్రాణాలకు లెక్క లేదు. కానీ దీంతోనే సరిపెట్టుకోవడం ఇక తగదనీ, వైరస్ లోపలి ప్రోటీన్ మీద శరీరం తయారుచేసుకునే కోర్ యాంటీబాడీని వెతికే పరీక్షను కనీసం పదేపదే రక్తం ఎక్కించుకునే రోగుల కోసమైనా మన బ్లడ్ బ్యాంకుల్లో మొదలుపెట్టాలనీ నా వాదన.

హెపటైటిస్ బి వచ్చి తగ్గిందని మనం అనుకునే మనిషిలో కూడా వైరస్ పూర్తిగా పోదు. కాలేయ కణాల కేంద్రకంలో దాని డీఎన్‌ఏ వలయంలా చుట్టుకుని ఏళ్ల తరబడి ఉండిపోతుంది. రక్తంలో హెచ్‌బీఎస్‌ఏజీ కనపడదు, మనిషి ఆరోగ్యంగా తిరుగుతుంటాడు. అలాంటి వాళ్లలో కొందరి రక్తంలోకి అప్పుడప్పుడూ అతి కొద్దిగా వైరస్ వస్తూ ఉంటుంది. ఇది ఊహ కాదనడానికి సాక్ష్యం ఆసుపత్రుల్లోనే ఉంది. ఒకప్పుడు ఈ ఇన్‌ఫెక్షన్ సోకి తగ్గిన దాత కాలేయాన్ని మార్పిడి చేస్తే, నివారణ మందు ఇవ్వకపోతే ఆ కాలేయంలోని వైరస్ తిరిగి లేచి గ్రహీతకు హెపటైటిస్ బి రావడం బాగా తెలిసిన సంగతి. పాత ఇన్‌ఫెక్షన్ ఉన్న లింఫోమా రోగులకు రోగనిరోధక శక్తిని తగ్గించే రిటుక్సిమాబ్ మందు ఇచ్చినప్పుడూ వైరస్ ఇలాగే తిరిగి లేవవచ్చు. అందుకే ఆ మందు పెట్టె మీద 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక వేయించింది. ఈరోజు మన క్యాన్సర్ వైద్యులు సాధారణంగా కోర్ యాంటీబాడీ చూడకుండా రిటుక్సిమాబ్ మొదలుపెట్టరు. అదే ఆసుపత్రి కింది అంతస్తులోని బ్లడ్ బ్యాంకు మాత్రం, అదే రోగికి ఎక్కించే రక్తంలో ఆ యాంటీబాడీ ఉందో లేదో చూడదు. దీన్ని సమర్థించే శాస్త్రీయ కారణం నాకు కనపడదు.

నాట్ పరీక్ష ఉందిగా అంటారు. ఉంది, ఉండాలి కూడా. చట్టం తప్పనిసరి చేయకపోయినా పెద్ద ఆసుపత్రులు చాలావరకు చేస్తున్నాయి. అది వైరస్ జన్యు పదార్థాన్నే పట్టుకుంటుంది కాబట్టి కొత్తగా ఇన్‌ఫెక్షన్ సోకిన దాతను హెచ్‌బీఎస్‌ఏజీ కంటే ముందే పట్టిస్తుంది. దాగి ఉన్న పాత ఇన్‌ఫెక్షన్ దగ్గరే దానికి హద్దు ఉంది. దాత రక్తంలో మిల్లీలీటరుకు ఒక్క వైరస్ ఉందనుకోండి. పరీక్షకు తీసుకున్నది అర మిల్లీలీటరు అయితే అది దొరకకపోయే అవకాశమే ఎక్కువ. నాలుగైదు నమూనాలు కలిపి చేస్తే మరీ కష్టం. అదే దాత ఇచ్చిన 200 మిల్లీలీటర్ల ప్లాస్మా సంచిలోనేమో రెండు వందల వైరస్‌లుంటాయి. చెంబుడు నీళ్లు ముంచి చెరువులో చేపల్లేవని చెప్పినట్టే ఉంటుంది మన రిపోర్టు. స్లొవేనియాలో సరిగ్గా ఇదే తేలింది. హెచ్‌బీఎస్‌ఏజీ లేని, నాట్‌లోనూ దొరకని ముగ్గురు దాతల రక్తం అందుకున్న వాళ్లలో 31 మందిని పరీక్షిస్తే తొమ్మిది మందికి వైరస్ సోకింది. 2019లో ప్రచురించిన ఆ పరిశోధన ప్రకారం 200 మిల్లీలీటర్ల ప్లాస్మాలో సుమారు 16 వైరస్ కణాలున్నా గ్రహీతల్లో సగం మందికి అంటుకోవచ్చు. అంతకు ముందు అనుకున్న మోతాదు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఎర్రకణాల సంచిలో మిగిలే ప్లాస్మా చాలా కొద్ది, ఫ్రెష్ ఫ్రోజెన్ ప్లాస్మాలో అంతా ప్లాస్మాయే. ముప్పు ఎక్కడ ఎక్కువో దీన్నిబట్టే తెలుస్తుంది.

వైరస్ కోసం కాక, వైరస్‌ను ఎదిరించిన శరీరంలో మిగిలిన గుర్తు కోసం వెతకడం దీనికి మార్గం. కోర్ యాంటీబాడీ ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, రక్తంలో ప్రతి చుక్కలోనూ ఉంటుంది. జపాన్ 1989 నుంచీ, అమెరికా 1980ల చివరి నుంచీ దాతలకు ఈ పరీక్ష చేస్తున్నాయి. నాట్ ఉన్న ఇంగ్లండ్ కూడా అది చాలదని 2022లో దీన్ని చేర్చింది. చేయడం కష్టమేమీ కాదు, ఉన్న ఎలైజా యంత్రం మీదే అవుతుంది. హెచ్‌బీఎస్‌ఏజీ ప్లేటులో పసుపు తిరిగిన గుంట పాజిటివ్. కోర్ యాంటీబాడీ కిట్లలో చాలావాటికి వ్యవహారం తలకిందులు, రంగు తగ్గిపోతేనే పాజిటివ్. టెక్నీషియన్లకు దీనిమీద విడిగా శిక్షణ ఇవ్వాలి. సరిహద్దు విలువల దగ్గర తప్పుడు పాజిటివ్‌లు వచ్చే కిట్లూ ఉన్నాయి కాబట్టి రెండో కిట్‌తో సరిచూడాలి.

అసలైన అభ్యంతరం వేరే ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మన దేశంలో 2022 నాటికి దాదాపు 2.98 కోట్ల మందికి హెపటైటిస్ బి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సోకి తగ్గినవాళ్లు అంతకు కొన్ని రెట్లు. ప్రాంతాన్నిబట్టి, కిట్‌నుబట్టి మన దాతల్లో సుమారు పదిమందికి ఒకరి నుంచి ఐదుగురికి ఒకరిదాకా కోర్ యాంటీబాడీ పాజిటివ్ రావచ్చు. వాళ్లలో నిజంగా రక్తంలో వైరస్ ఉండేది కొద్దిమందికే. వాళ్లందరినీ పక్కన పెడితే వేసవిలో, కాలేజీలకు సెలవులిచ్చి క్యాంపులు ఆగిపోయే రోజుల్లో, కాన్పులో రక్తస్రావమైన తల్లికి సంచి దొరకదు. దొరకని రక్తం కూడా చంపుతుంది. అందుకే అన్ని సంచులకూ ఒకేసారి ఈ నియమం పెట్టమని నేననను. కోర్ యాంటీబాడీ లేని సంచులను విడిగా ఉంచి థలసీమియా, సికిల్‌సెల్ పిల్లలకు, కీమోథెరపీ, అవయవ మార్పిడి రోగులకు, నెలలు నిండని శిశువులకు కేటాయించవచ్చు. పాజిటివ్ వచ్చినా, పైతొడుగు ప్రోటీన్ మీద పుట్టి రక్షణనిచ్చే యాంటీబాడీ బాగా ఎక్కువగా ఉండి విడి నమూనాతో చేసిన నాట్ నెగెటివ్ అయితే ఆ రక్తాన్ని మిగతావాళ్లకు వాడుకోవచ్చు. జర్మనీ ఇలాంటి పద్ధతినే పాటిస్తోంది. రోగులను రెండు తరగతులుగా విడదీయడం కాదా ఇది అంటే, కొందరికి తెల్లకణాలు వడకట్టిన రక్తం, కొందరికి రేడియేషన్ ఇచ్చిన రక్తం ఇప్పటికే ఇస్తున్నాం. ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకు జాగ్రత్తా ఎక్కువే ఉండాలి.

పైగా దాతలను కోల్పోయే ఈ నష్టం ఏటేటా తగ్గేదే. టీకాలో ఉండేది పైతొడుగు ప్రోటీన్ ఒక్కటే కాబట్టి టీకా వేయించుకున్నవాళ్లలో కోర్ యాంటీబాడీ పుట్టదు. హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయ టీకా తెచ్చాక ధర దిగివచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా పది రాష్ట్రాల్లో 2007-08లో పిల్లలందరికీ టీకా మొదలైంది. ఆ పిల్లలు రక్తమివ్వగల పద్దెనిమిదేళ్ల వయసుకు ఇప్పుడిప్పుడే వస్తున్నారు. దాతలు దొరకరనే భయంతో దీన్ని వాయిదా వేసేవాళ్లు ఈ మార్పును లెక్కలోకి తీసుకోవడం లేదు.

రక్తం ద్వారా హెపటైటిస్ బి సోకిన కేసులు మనకు పెద్దగా కనపడటం లేదు కదా అనేవాళ్లున్నారు. రక్తం ఎక్కించాక ఈ జబ్బు పైకి తేలడానికి నెలన్నర నుంచి ఆరు నెలలు పడుతుంది. చాలామందికి కామెర్లే రావు. వచ్చినవాళ్లు పసరు మందుకో, ఇంకో ఊరి డాక్టరు దగ్గరికో వెళ్తారు. ఎప్పుడో ఎక్కించిన సంచికీ దీనికీ ముడి పెట్టి చూసేవాళ్లుండరు. వెతకనిచోట కేసులు లేవని చెప్పడం సాక్ష్యం కాదు.

దాతకు ఏం చెప్పాలన్నది మరో చిక్కు. పాజిటివ్ అన్న కాగితం చేతిలో పెట్టి పంపితే పెళ్లి సంబంధం చెడుతుందని భయపడతాడు. జగిత్యాల, నిజామాబాద్ వైపు కుర్రాళ్లయితే గల్ఫ్ మెడికల్‌లో వీసా పోతుందని వణికిపోతారు. అక్కడ చూసేది హెచ్‌బీఎస్‌ఏజీని. అది నెగెటివ్ అయితే కోర్ యాంటీబాడీ పాజిటివ్ ఉన్నంతమాత్రాన ఆ మనిషిని రోగి అనకూడదు. ఈ మాట చెప్పే కౌన్సెలర్ ఉండాలి, ఫలితం గోప్యంగా ఉండాలి. నాట్‌లో వైరస్ కనిపించిన కొద్దిమందిని 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమానికి పంపితే పరీక్షలు, అవసరమైతే మందులు ఉచితంగా అందుతాయి. ఇక థలసీమియా పిల్లలకైతే మొదటి సంచి ఎక్కించకముందే హెచ్‌బీఎస్‌ఏజీ, కోర్ యాంటీబాడీ, టీకా రక్షణ ఎంతుందో చూసి చీటీలో రాసిపెట్టాలి. తక్కువుంటే బూస్టర్ వేయాలి, ఏటా మళ్లీ చూడాలి. ఆ మొదటి చీటీ లేకపోతే తర్వాత ఏ సంచి నుంచి ఏం వచ్చిందో ఎవరూ చెప్పలేరు.