స్కైకోమిష్‌లో బెండు మునిగింది

ఇలాంటిదొకటి భూమ్మీద ఉందని ఇన్నాళ్లూ నాకెవరూ ఎందుకు చెప్పలేదు! కొలకలూరు కాలవ గట్టు మీద వెదురు గాలంతో జెల్లలూ కొరమీన్లూ పట్టి పెరిగినవాణ్ణి, చేపల పిచ్చి నాకు కొత్త కాదు. కానీ సియాటెల్‌కి తూర్పున కాస్కేడ్ కొండల్లోంచి దిగే స్కైకోమిష్ నదిలో, జనవరి చలిలో, నడుంలోతు నీళ్లలో నిలబడి స్టీల్‌హెడ్ కోసం గాలం వేశాక నాకు వేరే ధ్యాస లేదు.

స్టీల్‌హెడ్ అంటే వేరే జాతి కాదు, రెయిన్‌బో ట్రౌటే. రెండూ ఏటి అడుగున గులకరాళ్ల మధ్యే పుడతాయి. కొన్ని ఏట్లోనే చిన్న చేపలుగా ఉండిపోతాయి. కొన్ని మాత్రం రెండేళ్ల ఈడు వచ్చేసరికి ఒళ్లంతా వెండిలా మారి సముద్రం దారి పడతాయి. పసిఫిక్‌లో రెండు మూడేళ్లు తిరిగి, ఎనిమిది పది పౌన్ల బరువెక్కి, పుట్టిన ఏటి వాసన పట్టుకుని ఎదురీదుతూ వస్తాయి. మన గోదావరికి పులస వరదల్లో ఎక్కుతుంది, ఇవి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎముకలు కొరికే చలిలో ఎక్కుతాయి. ఇంకో వింత. పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. స్టీల్‌హెడ్‌లో కొన్ని బతికి, మళ్లీ సముద్రానికి పోయి, మళ్లీ వస్తాయి! 1969లో వాషింగ్టన్ దీన్ని తన రాష్ట్ర చేపగా ప్రకటించుకుందంటే ఊరికే కాదు.

నాకు ప్రాణం లేచొచ్చింది మాత్రం క్యూసెక్కుల దగ్గర. ప్రకాశం బ్యారేజీ నుంచి పశ్చిమ డెల్టాకి ఎన్ని క్యూసెక్కులు వదిలారో పేపర్లో చూసుకునే రైతుల ఊరు మాది. ఇక్కడి వేటగాళ్లూ అంతే! లేస్తూనే గోల్డ్‌బార్ ఊరి దగ్గర ఏటి నీటిని కొలిచే గేజి చూస్తారు. ఏరు పొంగి మట్టిరంగులో ఉంటే ఇల్లు కదలరు. పొంగు తీసి, నీళ్లు తేరుకుని లేత పచ్చగా మారుతున్నాయా, ఇక ఆగరు. మన కాలవలకి తలుపులెత్తే లస్కరు ఉంటాడు. ఇక్కడ కొండమీద వానా మంచూ ఎంత ఇస్తే అంత.

నాకు ఇవన్నీ నేర్పింది రేపల్లె వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక పెద్దాయన. ఆయన సంచిలోంచి బెండు తీయగానే నాకు కేక పెట్టాలనిపించింది. జీలుగు బెండు కాదు గానీ పని అదే. దాని కింద ఎరగా గులాబీ రంగు ఈకలు కట్టిన గాలం, జిగ్గు అంటారు. నీళ్లు నాలుగైదు డిగ్రీల్లో ఉంటే చేప బద్ధకంగా ఉంటుంది, ఎర వెంట పరిగెత్తదు. అందుకని అది నిలబడ్డ చోటికే, అడుగుకి కాస్త పైన, నీటి నడకతోనే ఎరని పంపాలి. వడికీ నిదానానికీ మధ్య, మనిషి నడిచేపాటి జోరులో పారే నీళ్లు వెతుక్కోవాలి.

“అబ్బాయ్, బెండు తడబడినా చాలు, లాగెయ్. ఆలోచించావా, పోయిందంతే” అన్నాడాయన.

రాడ్డు రింగుల్లో నీళ్లు గడ్డకడుతున్నాయి. నోటి ఆవిరితో కరిగించుకుంటూ వేస్తున్నాను, వేస్తున్నాను. ఉన్నట్టుండి బెండు మాయం! లాగాను. రాడ్డు విల్లులా వంగింది, రీలు కూత పెట్టింది, ఏటి నడుమ ఒక వెండి చేప గాల్లోకి లేచింది. “బాబాయ్ గారూ!” అని నేను అరిచిన అరుపు అవతలి ఒడ్డుకి వినపడే ఉంటుంది.

దగ్గరకొచ్చాక చూస్తే వీపు మీద, తోకకి కాస్త ముందు, చిన్న కొవ్వు రెక్క ఉంది. హేచరీలో పెంచిన పిల్లలకి ఆ రెక్క కత్తిరించి వదులుతారు, అవి తిరిగొచ్చాక పట్టుకుంటే ఇంటికి తెచ్చుకోవచ్చు. రెక్క ఉన్నది ఏటి సొంత బిడ్డ. దాన్ని నీళ్లలోంచి పూర్తిగా పైకెత్తకుండానే వదిలేయాలి. గాలానికి ముల్లు లేనిది అందుకే. ఈ ఏటితో సహా ప్యూజెట్ సౌండ్ నదుల స్టీల్‌హెడ్‌ని 2007లో ముప్పున్న జాతుల చట్టం కిందికి తెచ్చారు, అంత తగ్గిపోయాయి. తోక మొదట్లో పట్టుకుని ఏటికి ఎదురుగా నిలిపాను. మొప్పలు ఆడాయి, ఒక్క విదిలింపు, వెళ్లిపోయింది. పులుసు పెట్టుకోని చేప నన్నింత సంతోషపెట్టడం ఇదే మొదలు.

ఆ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లూ! లైసెన్సుతో పాటు పట్టిన చేపలు రాసే కార్డు తీసుకోండి. ఏ ఏరు ఎప్పుడు తెరిచి ఉంటుందో రాష్ట్ర చేపల, వన్యప్రాణుల శాఖ నిబంధనల్లో చూసుకోండి. ఉన్ని మేజోళ్లు రెండు జతలు తొడుక్కోండి. గేజి దిగుతోందంటే మాత్రం ఆలస్యం చేయకండి, బయల్దేరండి!