గెనిమ మీద దుప్పి

2020 ఏప్రిల్. నంద్యాల ఇంకా జిల్లా కాలేదు. కర్నూలు జిల్లాలో కేసులు రోజురోజుకూ పెరుగుతున్నాయి. ఆళ్లగడ్డలో మా ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. దెబ్బతిన్న నెమళ్లను, బావిలో పడ్డ ఉడుములను ఫారెస్టు వాళ్లు వచ్చేదాకా అందులో ఉంచేవాళ్లం. చూసేవాళ్లం నలుగురం. లాక్‌డౌన్‌తో మిగతా ముగ్గురూ నంద్యాలలో ఉండిపోయారు.

అహోబిలం వైపు నుంచి ఒక గొర్రెల కాపరి ఫోన్ చేశాడు. "సార్, చేలో దుప్పిపిల్ల ఒగటే పడుండాది. తల్లి యాడా కనపడ్ల్యా. కుక్కలు పీక్కతింటాయి."

దెబ్బ తగిలిందా, ఈగలు ముసిరాయా, ఎంతసేపటి నుంచి పడుంది? ఏదీ అడగలేదు. టవల్లో చుట్టి బండి మీద తెచ్చేశాను.

ఈనిన కొత్తలో దుప్పి పిల్లను గడ్డిలో దాచి మేతకు పోతుంది. ఒంటి చుక్కలు ఎండపొడలో కలిసిపోతాయి. కదలకుండా పడుకోవడమే పిల్లకు రక్ష. పాలివ్వడానికి తల్లి మళ్లీ వస్తుంది. ఇది నాకు తెలుసు. ఆ రోజు గుర్తు రాలేదంటే అబద్ధం. మనిషి అలికిడి లేని ఇంట్లో ఒక ప్రాణి తిరగాలన్న ఆశ నాది.

ఆవుపాలు పట్టాను. మూడోనాటికి పారుకుంది, కళ్లు లోతుకు పోయాయి. పశువుల డాక్టరు ఫోన్లోనే చెప్పారు: మేకపాలు కొద్దికొద్దిగా పట్టాలి, తాగాక తోక కింద తడిగుడ్డతో తుడవాలి. ఆ వయసులో తల్లి నాకితే తప్ప పిల్ల విసర్జించదు. రాత్రంతా కూర్చుని తుడిచాను. బతికింది.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. ఒళ్లో పడుకోబెట్టుకున్నాను, పేరు పెట్టాను. వీధి పిల్లలు గోడ మీంచి చేతులు చాస్తే నాకనిచ్చాను. అంగడి ముందు ఆరడుగుల దూరం పాటించిన నేను, దానికీ నాకూ మధ్య జానెడు దూరమైనా ఉంచలేదు. ఆ ఏప్రిల్‌లోనే న్యూయార్క్ బ్రాంక్స్ జూలో పులికి కరోనా సోకిందని పేపర్లో చదివాను. అయినా మాస్కు లేకుండానే పాలు పట్టాను. 2021లో హైదరాబాద్ నెహ్రూ జూలో ఎనిమిది సింహాలకు సోకింది. అదే ఏడు అమెరికాలో తెల్లతోక జింకల్లో ఈ వైరస్ యాంటీబాడీలు కనబడ్డాయని చదివినప్పుడు నా చేతులు వణికాయి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం 48 గంటల్లో అధికారులకు తెలపాలి. నేను పంతొమ్మిది రోజులు ఆగాను. దారులు మూసేశారని నాకు నేనే చెప్పుకున్నాను. ఫోన్ పనిచేస్తూనే ఉంది.

ఫారెస్టు వాళ్లు చూసి, ఇది ఇక అడవికి పనికిరాదన్నారు. మనిషిని చూసి పారిపోని దుప్పి నల్లమలలో నాలుగు రోజులు కూడా బతకదు. పైగా మగది. కొమ్ములొచ్చాక, మనిషంటే బెదురు లేనిది మనిషినే పొడుస్తుంది. కంచె వేసిన జింకల పార్కుకు పంపారు. ఏడాది తర్వాత వెళ్లాను. ఎవరి అడుగు వినబడినా కంచె దగ్గరికి వస్తోంది.

2023 మార్చిలో కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులికూనలు దొరికాయి. తల్లి దగ్గరికి చేర్చాలని అధికారులు రాత్రుళ్లు కాపు కాశారు. కుదరలేదు. చివరికి కూనలు తిరుపతి ఎస్వీ జూకు వెళ్లాయి. ఆ వార్తలు వస్తున్న రోజుల్లోనే గొర్రెల కాపరి అంగట్లో ఎదురయ్యాడు. మాటల మధ్య చెప్పాడు.

"ఆ పిల్ల తల్లి దుప్పి రెండు మాపులు వచ్చింది సార్. ఆ చేని గెనిమ మీదనే నిలబడి, సానాసేపు చూసి పాయ."