చివరి వరుస కుర్చీ

నెలకోసారి మేం పుస్తకాల గురించి మాట్లాడుకునే గది హైదరాబాదులో ఒక మేడ మీద ఉంది. రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. పోయిన వేసవిలో అక్కడ పద్యం గురించి మాట్లాడాను. పద్యాలన్నీ స్లైడ్లలో పెట్టి, 72 అంగుళాల తెర మీద వేశాను. నాన్న కూడా వచ్చారు. రిటైరైన తెలుగు మాస్టారు. ఎక్కడికెళ్లినా చివరి వరుసలోనే కూర్చుంటారు.

బండి మీద తిరిగొస్తూ అడిగాను, "ఎలా ఉంది నాన్నా?"

"బాగుందిరా. నీ గొంతు వెనక దాకా వినపడింది."

పద్యాల మాట ఎత్తలేదు. పద్యం కనపడితే ఏదో ఒకటి అనకుండా ఊరుకునే మనిషి కాదాయన. కనపడలేదన్నమాట. గంటసేపు తలూపుతూ కూర్చున్నారు, నా కోసం.

తర్వాతి ఆదివారం టేపు పట్టుకుని వెళ్లాను. చివరి కుర్చీ నుంచి తెరకి 24 అడుగులు. తెర ఎత్తేమో మూడడుగుల లోపే. ఈ పని చేసేవాళ్ల దగ్గర ఒక మోటు లెక్క ఉంది: చివరి మనిషి దూరం తెర ఎత్తుకి ఎనిమిది రెట్ల లోపుంటే సినిమా చూడొచ్చు, అక్షరాలు చదవాలంటే ఆరు రెట్లు దాటకూడదు. మాది ఎనిమిది దాటింది. పైగా మన అక్షరం కింద ఒత్తు ఉంటుంది. దూరం నుంచి ముందు మాయమయ్యేది అదే.

"అయితే 120 అంగుళాలది కొనేద్దాం" అన్నారు మిత్రులు. నాకూ అదే ఆశ. కానీ ముందువాళ్ల తలలు అడ్డం రాకుండా తెర అడుగు నేల నుంచి నాలుగడుగుల పైన ఉండాలి. 120 అంగుళాల తెర ఎత్తు దాదాపు ఐదడుగులు. మా కప్పు తొమ్మిదడుగులే. అదీకాక 100 నుంచి 120కి వెళ్తే వైశాల్యం 1.44 రెట్లవుతుంది. ప్రొజెక్టర్ అదే కాబట్టి వెలుగు అంత పలచబడుతుంది.

100 అంగుళాలదే తీసుకున్నాం. ఎత్తు 49 అంగుళాలు. ఆరు రెట్ల లెక్కకి సరిపోయింది. స్లైడుకి పన్నెండు లైన్లు పెట్టే అలవాటు మాని, ఆరుకి దిగాను. తెర ఎంత పెద్దదైనా, ఇరికించి రాస్తే ఎవరికీ కనపడదు.

ఈసారి కూడా నాన్న చివరి వరుసే. సభ అయ్యాక చెప్పులేసుకుంటూ అన్నారు:

"రెండో పద్యం మూడో పాదంలో ఒత్తు పోయిందిరా. చూసుకోలేదా?"

ఇంటికెళ్లి ల్యాప్‌టాప్ తెరిచి చూశాను. నిజమే, పోయింది.