సంక్రాంతి సెలవులకు హార్స్‌లీ కొండలా, గండికోటా?

సంక్రాంతి సెలవులు దగ్గర పడ్డాయంటే నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది జబ్బు సంగతి తరువాత, ప్రయాణం సంగతి ముందు ఎత్తుతారు. మొన్న ప్రొద్దుటూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. జేజికి ఉబ్బసం. ఇంటాయనకు మోకాళ్ళ నొప్పులు. పిల్లలిద్దరూ స్వెట్టర్లు వేసుకుని హార్స్‌లీ కొండలకు పోవాలని పట్టు. ఇల్లాలు గండికోట చాలునంటుంది. “డాక్టరుగారూ, మీరే తీర్పు చెప్పండి” అని కూర్చున్నారు.

పై దేశాలలో చలికాలం సెలవులంటే మంచుకొండల మీద జారడానికి ఏ ఊరు మంచిదా అని తర్కించుకుంటారట. ఏడాదిలో ఎక్కువ భాగం ఎండలో మాడే మన కర్నూలు, కడప వారికి చలే ఒక వింత. వణకడానికి కూడా డబ్బు పెట్టి పోతాం! తప్పులేదు. అయితే ఎవరు వణకవచ్చో, ఎవరు వణకకూడదో తెలిసి పోవాలి.

ముందు హార్స్‌లీ కొండల సంగతి చూద్దాం. పందొమ్మిదో శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర వేసవి తాపానికి తాళలేక అక్కడ బంగళా కట్టుకున్నాడు. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలోదే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది. ఆ కొండ సముద్రమట్టానికి 1,200 మీటర్ల పైచిలుకు ఎత్తు. కడప పట్టణం 140 మీటర్లకు కాస్త అటూ ఇటూ. వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. అంటే కడపలో కంటే కొండ మీద దాదాపు ఏడు డిగ్రీలు చల్లన అన్నమాట. జనవరి రాత్రి కడపలో దుప్పటి చాలితే, అక్కడ దుప్పటి మీద రగ్గు కావాలి.

“అంత ఎత్తున గాలి చాలదేమో?” అని కొందరి భయం. ఆ భయం అక్కర్లేదు. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వాంతులు సాధారణంగా 2,500 మీటర్లు దాటినప్పటి మాట. గుల్మార్గు వంటి చోటికి పోయేవారు దాన్ని గురించి ఆలోచించాలి. మన కొండకు ఆ బెడద లేదు. ఇక్కడ ఇబ్బంది పెట్టేవి రెండే: ఘాట్ రోడ్డు మలుపులు, తెల్లవారుజాము చలి.

ఆ చలి ఏం చేస్తుందో నాకు పుస్తకాలు చెప్పకముందే మా అమ్మ నేర్పింది. చాలా ఏళ్ళ కిందట, డిసెంబరులో, “కొండగాలికి ఊపిరితిత్తులు బాగుపడతాయి” అని ఆమెను నేనే పిలుచుకుపోయాను. పగలంతా హుషారుగా తిరిగింది. రాత్రి రెండు గంటలకు పిల్లికూతలు మొదలైనాయి. పీల్చే మందు ఇంట్లో అలమరలో ఉండిపోయింది. సర్దినవాణ్ణి నేనే. ఆమెను కూర్చోబెట్టి, శాలువా కప్పి, ఆ చీకట్లో మలుపులన్నీ దిగి మదనపల్లె చేరేసరికి నాకే ఆయాసం వచ్చింది. తెల్లారి తేరుకున్నాక అమ్మ ఒక్క మాటే అంది: “ఏమిరా నాయనా, కొండగాలి మంచిదంటివే!”

కొండగాలి మీద మనకీ నమ్మకం ఊరికే రాలేదు. అదే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1910ల దశకంలోనే క్షయ శానిటోరియం వెలసింది. అప్పటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి - ఇవే వైద్యం. స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో కనుగొన్న తరువాత కథ మారింది. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనలో, ఇరుకు ఇళ్ళలో ఉంటూనే సరిగా మందు తీసుకున్న రోగులు, శానిటోరియంలో ఉండి మందు తీసుకున్నవారితో సమానంగా కోలుకున్నారని తేలింది. జబ్బు కుదిర్చేది మందు. గాలి మార్పు మనసుకు హాయి. ఇక ఉబ్బసానికైతే చల్లని పొడిగాలి హాయి కాకపోగా, శ్వాసనాళాలను బిగించివేస్తుంది.

ఇక గండికోట. జమ్మలమడుగుకు సుమారు పదిహేను కిలోమీటర్లు. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న పారిన లోయ, దాని అంచున ఎర్రరాతి కోట. లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జుమ్మా మసీదు, పెద్ద ధాన్యాగారం. ఎత్తు తక్కువ గనుక చలి మన ఇంటి చలే. పగలు ఎండ నులివెచ్చగా ఉంటుంది. ఉబ్బసం వారికి, గుండెజబ్బు వారికి ఇది నయం. ఎందుకంటే చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపుపోటు పెరుగుతుంది.

కానీ మోకాళ్ళకు మాత్రం గండికోటే కష్టం. ఎగుడుదిగుడు రాళ్ళ మీద నడవాలి. లోయ అంచున ఫొటోల సరదా పడి కాలు జారితే ఏ డాక్టరూ ఏమీ చేయలేడు. పిల్లల చేయి వదలకండి. హార్స్‌లీ కొండల మీదికైతే కారో బస్సో పై దాకా పోతుంది.

కనుక ప్రొద్దుటూరు వారికి నేనిచ్చిన తీర్పు ఇది: జేజి వస్తే గండికోట. కోటలో ఇంటాయన చేతికర్ర పట్టుకుని నిదానంగా నడవాలి, నొప్పి అనిపించిన చోట కూర్చోవాలి. పిల్లల ముచ్చట వేసవిలో తీర్చండి. అప్పుడు కొండ జేజికి కూడా చల్లని పందిరి. ఇంట్లో అందరూ ఆరోగ్యవంతులైతే జనవరిలో కొండకు నిక్షేపంగా పోవచ్చు. నవంబరు, డిసెంబరు మొదట్లో మాత్రం తుపాను వానలు చూసుకుని బయలుదేరండి.

ఎక్కడికి పోయినా ఇవి మరవకండి. రోజూ వేసుకునే మాత్రలు, పీల్చే మందు పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉండాలి. ఉబ్బసం వారు చలిలో ముక్కు, నోరు మఫ్లరుతో కప్పుకోవాలి. గుండెజబ్బు, రక్తపుపోటు ఉన్నవారు పొద్దెక్కాకే నడకకు బయలుదేరాలి. మలుపుల్లో వాంతులయ్యేవారు కడుపు నిండా తిని బండి ఎక్కకూడదు. ముందు సీట్లో కూర్చుని దూరంగా చూడాలి. మధుమేహం ఉన్నవారు రాళ్ళ మీద చెప్పులు విడిచి నడవరాదు. చలిలో దాహం తెలియదు, నీళ్ళు గుర్తుపెట్టుకుని తాగాలి. ఛాతీలో నొప్పి గాని, మందు పీల్చినా తగ్గని ఆయాసం గాని వస్తే తెల్లవారనిద్దామని కూర్చోక వెంటనే 108కి ఫోను చేయండి.

వెళ్ళేటప్పుడు జేజి నా చెవిలో చెప్పింది: “పిల్లోళ్ళ ముచ్చట కోసం నేను ఇంట్లోనే ఉండేదా నాయనా?” వద్దన్నాను. ముసలివాళ్ళను ఇంట్లో దించిపోయే సెలవు సగం సెలవే. కొండ ఎక్కడికీ పోదు. ఏప్రిల్‌లోనూ అక్కడే ఉంటుంది.